ఆటిజం ఉన్న మనిషి తనంతట తాను పనికి పోయి రావాలంటే ఇంట్లోవాళ్ళు ఏం చేయాలి

మా తమ్ముడికి 29 ఏళ్ళు, ఆటిజం. తిరుపతిలో ఒక మందుల హోల్‌సేల్ ఏజెన్సీలో మూడేళ్ళుగా పని చేస్తున్నాడు, కొర్లగుంట నుంచి తనే పోతాడు తనే వస్తాడు. ఎట్లా చేసినారక్కా అని చాలామంది అడుగుతుంటారు, ముఖ్యంగా పిల్లోడికి పద్దెనిమిది వచ్చేసి స్కూల్ అయిపోయి ఇప్పుడేం చేయాలబ్బా అని దిగులు పెట్టుకున్న అమ్మలు. మేం తిరిగినప్పుడు ఏ థెరపీ సెంటర్‌కి పోయినా అన్నీ చిన్నపిల్లల కోసమే, పెద్దోళ్ళ గురించి అడిగితే జవాబు చెప్పేవాళ్ళే లేరు. అందుకే మాకు పనికొచ్చినవి రాస్తున్నా. మీ ఇంట్లో మనిషి వేరే, వాళ్ళకి తగినట్టు మార్చుకోండి.

మొదట, ఏ పని బాగుంటుంది అని ఆలోచించకండి, ఏది అస్సలు పడదో అది రాసుకోండి. మేం ఆ తప్పే చేసినాం, తెలిసినవాళ్ళ ద్వారా ఒక సూపర్‌మార్కెట్లో బిల్లింగ్ దగ్గర పెట్టించినాం, వాడికి లెక్కలు బాగా వస్తాయి కదా అని. పదకొండు రోజులు పోయినాడు. పైన లైట్ల వెలుగు, స్కానర్ బీప్ బీప్ శబ్దం, పాటలు, క్యూలో జనం తొందరపెట్టడం, పన్నెండో రోజు కౌంటర్ కింద కూర్చొని చెవులు మూసుకుని లేవలేదు. లెక్క రాక కాదప్పా, ఆ శబ్దం వాడి ఒంటికి దెబ్బ మాదిరి తగిలింది. తర్వాత ఒక కాగితం మీద రాసినాం: బీప్ శబ్దం పడదు, ఫోన్ ఎత్తడం రాదు, ఒకేసారి రెండు పనులు చెప్తే ఆగిపోతాడు, ముట్టుకుంటే ఇష్టం ఉండదు, టైం మారితే కష్టం.

ఇష్టం ఏందో కనుక్కోవాలంటే ఎవరూ చెప్పకుండానే మీ మనిషి ఇంట్లో ఏం చేస్తుంటాడో చూడండి. మావాడు అమ్మ బీపీ మాత్రల డబ్బా వారానికోసారి కింద పోసి ఒక్కో స్ట్రిప్ వెనక్కి తిప్పి, ఆ వెండి రేకు మీద వత్తిన చిన్న అంకెలు వెలుగులో పడేటట్టు కొంచెం వాల్చి చదివి, డేట్ అయిపోయినవి పక్కన పెట్టేవాడు. నాయన విసుక్కునేవాడు ఏందిరా ఈ పని అని. ఇప్పుడు వాడికి జీతం వచ్చేది ఆ పనికే. కార్టన్ విప్పి బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ చూసి రిజిస్టర్‌లో రాసి, ముందు డేట్ అయ్యేవి ముందు వరసలో, లేటుగా అయ్యేవి వెనక వరసలో పెడతాడు.

ఓనర్‌తో మాట్లాడేటప్పుడు దయచేసి జాలి పుట్టించేటట్టు మాట్లాడకండి. మేం మూడే చెప్పినాం. వీడు ఈ పని తప్పు లేకుండా చేస్తాడు, ఒక నెల చూడండి. పని నోటితో కాకుండా కాగితం మీద గానీ వాట్సాప్‌లో గానీ ఒకటి తర్వాత ఒకటి రాసి ఇవ్వండి. మీ మొహంలోకి చూడకపోయినా వింటున్నాడని అర్థం చేసుకోండి. జీతం దగ్గర మాత్రం గట్టిగా ఉండండి, అదే పని చేసే ఇంకొకరికి ఎంత ఇస్తారో అంతే అడగండి, ఏదో టైంపాస్‌కి పంపిస్తున్నాం మీరు ఇచ్చినంత ఇవ్వండి అని మన నోటితో మనమే అంటే ఆ మాటే ఎప్పటికీ ఉండిపోతుంది.

ఇంక బస్సు. మాకు దీనికే రెండు నెలలు పట్టింది. మొదట్లో పక్కనే కూర్చున్నా, తర్వాత అదే బస్సులో వెనక సీట్లో, తర్వాత స్కూటీ మీద బస్సు వెనకాలే పోయినా, చివరికి బస్టాండ్ దగ్గర ఊరికే నిలబడి వాడు దిగి నడిచిపోయేది చూసి వచ్చేసేదాన్ని. అంతా బాగుంది అనుకున్నాక బ్రహ్మోత్సవాలు వచ్చినాయి, ఊరంతా జనం, బస్సు వేరే దారిలో తిప్పినారు. వాడికి ఎప్పుడూ కనిపించే షాపులు కనిపించలేదు, మధ్యలో దిగేసి రోడ్డు పక్కన చేతులు ఊపుకుంటా అటూ ఇటూ నడుస్తున్నాడు, ఎవరో తాగినాడనుకుని గట్టిగా అరిచినారంట. మాకు దొరికేసరికి మూడు గంటలు పట్టింది. తప్పు మాదే, తిరుపతిలో పుట్టి పెరిగి బ్రహ్మోత్సవాలప్పుడు దార్లు మారతాయని మాకు తెలీదా, వాడికి ముందే చెప్పలేదు అంతే.

అప్పటి నుంచి రెండు పెట్టుకున్నాం. ఒకటి, క్యాలెండర్‌లో మారే రోజులన్నీ ఎర్ర పెన్నుతో గుర్తు పెట్టి, వారం ముందోసారి, ముందు రోజు రాత్రి ఇంకోసారి చెప్పడం. రెండోది జేబులో లామినేషన్ చేయించిన కార్డు: నాకు ఆటిజం ఉంది, గట్టిగా మాట్లాడితే జవాబు చెప్పలేను, కొంచెం టైం ఇవ్వండి, ఈ నంబర్‌కి ఫోన్ చేయండి. బస్సు రాకపోతే ఏం చేయాలో కూడా దాని వెనక రాసినాం, 20 నిమిషాలు చూడు, రాకపోతే అక్కకి మెసేజ్ పెట్టు, అక్కడే ఉండు.

ఇంటికొచ్చినాక ఒక గంట ఎవరూ మాట్లాడించకండి. ఇది చిన్న విషయం మాదిరి ఉంటుంది గానీ నా లెక్కలో ఉద్యోగం నిలబడింది దీనివల్లే. పొద్దుటి నుంచి మనుషుల మధ్య ఉండి వచ్చినవాడికి ఏమైంది ఏం తిన్నావు అని మీద పడితే మరుసటి రోజు పోడు. లైట్ ఆపి ఫ్యాన్ కింద పడుకుంటాడు, లేదంటే ఊగుతా కూర్చుంటాడు, ఊగనీయండి, అది వాళ్ళు తేరుకునే పద్ధతి, దాన్ని మాన్పించాలని చూడొద్దు. ఇంటికొచ్చిన అత్త, చిన్నాయన బాధపడినా పర్లేదు, పలకరింపులు తర్వాత.

కాగితాల పని. వికలాంగుల 1995 చట్టంలో ఆటిజం పేరే లేదు, 2016లో వచ్చిన కొత్త చట్టంలో 21 వైకల్యాల్లో ఒకటిగా చేర్చినారు, ప్రభుత్వ ఉద్యోగాల 4 శాతం రిజర్వేషన్‌లో దీనికీ వాటా ఉంది. సదరం (డాక్టర్లు చూసి వైకల్యం ఎంత శాతమో సర్టిఫికెట్ ఇచ్చేది) స్లాట్‌కి వార్డు సచివాలయంలోనో మీసేవలోనో అడగండి, వైకల్యం 40 శాతం, ఆపైన అని వస్తేనే చాలా వాటికి అర్హత. ఇంకోటి, 18 నిండితే వాళ్ళు మేజర్, అమ్మానాయన సంతకం దానంతట అదే చెల్లదు. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా కలెక్టర్ ఉండే లోకల్ లెవెల్ కమిటీ గార్డియన్‌ని నియమిస్తుంది. అవసరం ఉంటేనే పోండి, తన డబ్బు తాను చూసుకోగలిగే మనిషికి గార్డియన్ పెట్టడం నాకైతే ఇష్టం లేదు. మేం జీతం అకౌంట్ వేరే, ఫోన్‌పేకి కలిపిన అకౌంట్ వేరే పెట్టినాం, రెండో దాంట్లో రెండు వేలకి మించి ఉంచం, ఎవరన్నా మోసం చేసినా అంతవరకే.

అందరూ ఉద్యోగమే చేయాలని లేదు. పలమనేరు పక్క పల్లెలో నాకు తెలిసిన ఒక అబ్బాయి ఒక్క మాట మాట్లాడడు, ఫోన్‌లో బొమ్మలు చూపించి చెప్తాడు, నాలుగు ఆవుల్ని వాడే చూసుకుంటాడు, ఏ ఆవు మేత తగ్గించిందో ఇంట్లో అందరికన్నా ముందు వాడికే తెలుస్తుంది. అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అని ఒకావిడ, 1947లో పుట్టింది, మూడేళ్ళు దాటేదాకా మాటలే రాలేదు, తర్వాత పశువులు బెదరకుండా నడిచే వంపు దారులు డిజైన్ చేసి ప్రొఫెసర్ అయింది. శ్రీకాళహస్తిలో ఒకమ్మాయి కలంకారీ గుడ్డ మీద రంగు నింపుతుంది, గీత దాటదు, కరక్కాయ వాసన మాత్రం పడదు కాబట్టి గుడ్డ నానబెట్టేది వాళ్ళమ్మ. ఇంకొకాయన ఇంట్లో కూర్చొని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాడు, నెలకి మంచి సంపాదన, కానీ మంగలి షాపుకి పోవాలంటే ఇప్పటికీ వాళ్ళన్న తోడు ఉండాలి. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి, అంత సంపాదిస్తాడు ఇది చేతకాదా అని అడగొద్దు.

మేం ఇప్పుడు వంట నేర్పిస్తున్నాం. కుక్కర్ విజిల్ పడదు కాబట్టి కరెంట్ రైస్ కుక్కర్ కొన్నాం, గ్లాసు మీద మార్కర్‌తో రెండు గీతలు పెట్టినాం, నల్ల గీత దాకా బియ్యం, నీలం గీత దాకా నీళ్ళు రెండు సార్లు. అన్నం వండటం వచ్చేసింది, పోయిన ఆదివారం నుంచి చారు మొదలుపెట్టినాం, చింతపండు పిసికితే చేతికి జిగురుగా ఉంటుందని వద్దంటున్నాడు, గరిటెతో నలిపి వడగట్టడం చూపిస్తున్నా.