గుత్తికోయ గూడెంలో మనసు గోస అడగాలంటే

ములుగు జిల్లా తాడ్వాయి అడవుల్లో గుత్తికోయ ఆదివాసీల గూడేలకు ఆశా కార్యకర్తగా తిరుగుతాను. 2005లో ఛత్తీస్‌గఢ్‌లో నక్సలైట్లకు ఎదురుగా సర్కారు అండతో సల్వాజుడుం మొదలయ్యాక, అటు జుడుం ఇటు నక్సలైట్ల మధ్య నలిగి ఊళ్లు వదిలి వచ్చినవాళ్లు వీళ్లు. ఈ పనిలోకి కొత్తగా వచ్చే చెల్లెళ్ల కోసం రాస్తున్నా.

జబ్బు పేరు ముందే ఎత్తకండి. నేను ఎత్తాను. బోరింగు దగ్గర నలుగురి ముందు ఒకామెతో "నీకు మానసిక సమస్య ఉన్నట్టుంది, డాక్టర్‌కు చూపిద్దాం" అన్నాను. బిందె సగమే నిండింది, అట్లనే ఎత్తుకుని పోయింది. నెల రోజులు నన్ను చూస్తే తడిక మూసింది. ఆ తర్వాత ఇప్పపువ్వు ఏరేటప్పుడు ఆమె పక్కన కూర్చుని నేనూ ఏరాను. "రాత్రి నిద్ర పడుతుందా?" అని మాత్రమే అడిగాను. చాలాసేపటికి చెప్పింది: "పొద్దుగూకితే బుగులైతది అక్కా. కుక్క మొరిగితే పిల్లలను లేపి కూసుంటా." అంత చూసినోళ్లకు అట్లనే ఐతది, దీనికి మందుంది అన్నాను. రంది, బుగులు, నిద్ర: ఈ మాటలు చాలు.

భాష రాకపోతే ఆమె పిల్లలతో చెప్పించొద్దు. తల్లి ఏడుపు బిడ్డ నోట పలికించడం పాపం. ఆమె నమ్మిన ఆడమనిషిని పిలవండి, మాట బయటికి పోదని ముందే ఒప్పించండి.

వడ్డెను, అంటే గూడెంలో పూజలు చేసే పెద్దను, తిట్టకండి. పూజ చేయించుకో, మాత్రా వేసుకో అంటే వింటారు.

మనసు బాధలకు సర్కారు పెట్టిన ఫోన్ సాయం టెలిమానస్, నంబర్ 14416. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ తెలుగులో, హిందీలో మాట్లాడతారు. సిగ్నల్ ఉన్న చోటికి మీరే తీసుకుపోయి కలపండి. ములుగుకో, వరంగల్ ఎంజీఎంకో పోవాల్సి వస్తే మొదటిసారి వెంట వెళ్లండి. పేరు రాసుకుంటే గూడెం ఖాళీ చేయిస్తారేమోనని వాళ్ల టెన్షన్. చీటీ రాయించేటప్పుడు పక్కనే నిలబడండి. మాత్రల గుణం తెలియడానికి కొన్ని వారాలు పట్టొచ్చు, నిద్ర కుదిరిందని మధ్యలో ఆపేస్తారు. డాక్టర్ చెప్పేదాకా ఆపొద్దని గడపగడపకూ చెప్పాలి.

చచ్చిపోవాలని ఉందని ఎవరైనా అంటే ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. పత్తికి కొట్టే మందు డబ్బా ఇంట్లోంచి తీయించండి, వెంటనే 14416కు ఫోన్ చేయండి. అప్పటికే ఆ పురుగుమందు తాగి ఉంటే 108. పోలీసు కేసవుతుందని దాస్తారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వచ్చాక, అలా చేసుకోబోయిన మనిషిని శిక్షించడం కాదు, వైద్యం ఇప్పించడం సర్కారు బాధ్యత. ఆ మాట ఇంటి మగవాళ్లతో కూడా చెప్పండి.