కడపలో ఇల్లు కడుతున్నారా? ఇటుకను ఇలా ఎంచుకోండి

ఇటుక ధర అడిగే ముందు ఒక సంగతి తేల్చుకోండి. స్లాబు బరువు మోసేది గోడలా, పిల్లర్లా? గోడలే మోస్తుంటే బాగా కాలిన ఎర్ర ఇటుక గానీ, సరిగా క్యూరింగ్ అయిన (రోజుల తరబడి తడిపి గట్టిపరచిన) ఫ్లైయాష్ ఇటుక, అంటే బొగ్గు బూడిదతో చేసిన ఇటుక గానీ కావాలి. పిల్లర్లూ బీములూ ఉంటే గోడ మోసేది తన బరువునే కనుక తేలికైన ఏఏసీ బ్లాకులు (లోపల సన్నని గాలి గదులుండే సిమెంటు దిమ్మలు) కూడా సరిపోతాయి. పునాదికి ఈ చర్చే అక్కరలేదు. రాయి ఇంత దగ్గరగా దొరికే జిల్లాలో బేస్‌మట్టం వరకు రాతికట్టడమే మేలు.

ఎర్ర ఇటుకైతే బట్టీకి మీరే వెళ్లండి. యజమాని చేతికిచ్చినవి కాకుండా, పేర్పు మధ్యలోంచి నాలుగైదు తీయించండి. రెండింటిని ఒకదానితో ఒకటి తట్టితే ఖంగుమనాలి. మోగకపోతే సరిగా కాలలేదనో, లోపల చీలిక ఉందనో అర్థం. గోటితో గీస్తే గీత పడకూడదు. ఒకదాన్ని పగలగొట్టి లోపల చూడండి: రంగు అంతటా ఒకేలా ఉండాలి, తెల్లటి సున్నపు గింజలు కనిపించకూడదు. మట్టిలోని ఆ గింజలు బట్టీలో కాలి పొడిసున్నమవుతాయి. గోడ కట్టాక తడి తగిలి ఉబ్బి, ప్లాస్టరింగ్‌ను పెచ్చులు పెచ్చులుగా ఊడగొడతాయి.

మరో ఇటుకను ఇంటికి తెచ్చి, పూర్తిగా ఆరాక తూచి, 24 గంటలు నీళ్లలో ఉంచి మళ్లీ తూచండి. మామూలు ఇటుక తన బరువులో 20 శాతానికి మించి నీరు పీల్చకూడదు. అంటే 3 కిలోల ఇటుక 3.6 కిలోలు దాటకూడదు. ఆరాక తెల్లగా ఉప్పు పూస్తే ఆ బట్టీ వదిలేయండి. అయితే ఉప్పగా ఉండే బోరు నీళ్లతో పరీక్షించి ఇటుకను నిందించకండి. నల్లగా మాడి వంకరపోయినవి గట్టివే గానీ వరస కుదరదు.

ఫ్లైయాష్ ఇటుకకు బూడిద దగ్గరలోనే, ముద్దనూరు వైపున్న రాయలసీమ థర్మల్ కేంద్రంలో ఉంది. కొలత సమంగా ఉంటుంది కాబట్టి ప్లాస్టరింగ్ పలుచగా సరిపోతుంది. గోడ పగుళ్లిస్తుందన్న ఫిర్యాదుకు తరచూ కారణం క్యూరింగ్ పూర్తికాని పచ్చి ఇటుక. ఏ తేదీన పోశారో, ఎన్ని రోజులు తడిపారో అడగండి. తడబడేవారి దగ్గర కొనకండి.

పిల్లర్ల ఇల్లయితే, పడమటి గోడకు మాత్రం నా ఓటు వేడిని తక్కువగా లోపలికి రానిచ్చే ఏఏసీకే, మే నెల ఎండ తెలిసినవారికి కారణం చెప్పనక్కరలేదు. బరువైన అల్మరా తగిలించాలంటే దీనికి ప్రత్యేక బోల్టులు కావాలి.

ధరను వెయ్యి ఇటుకల లెక్కన పోల్చకండి. 9, 4.5, 3 అంగుళాల ఇటుకకు బదులు 8.5, 4, 2.75 అంగుళాలది వస్తే పరిమాణం దాదాపు 23 శాతం తగ్గినట్టే. టేపు వెంట తీసుకెళ్లి, గోడ ఘనపరిమాణం మీద ధర కట్టండి.

పరీక్షలో నెగ్గిన ఇటుకను దాచి, ప్రతి లోడు దిగేటప్పుడు దానితో సరిచూడండి. ఎర్ర ఇటుకను కట్టే ముందు బాగా నానబెట్టాలని, ఏఏసీకి పైపైన నీళ్లు చల్లితే చాలని మేస్త్రీకి ముందే చెప్పి ఉంచండి.