లడఖ్ సీజన్‌కు ముందు హ్యాండిల్‌బార్ ఎత్తు పెంచుతున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఏప్రిల్ వచ్చిందంటే లడఖ్ వెళ్లే బైకర్ల ఇళ్లలో పనులు మొదలవుతాయి. వెనక పెట్టెలకు క్యారియర్, సీటు మీద జెల్ ప్యాడ్, ఫోన్ హోల్డర్... వాటితోపాటు కాస్త ఎత్తు హ్యాండిల్‌బార్. పొడుగ్గా ఉన్నవాళ్లు రాళ్ల దారిలో ఫుట్‌రెస్టుల మీద నిలబడి నడిపితే, బండితో వచ్చిన హ్యాండిల్ కిందికైపోయి నడుం వంచాల్సి వస్తుంది. పూటంతా అలా నడిపితే వీపు పట్టేస్తుంది. కాబట్టి కోరిక సబబైనదే. పనిముట్లు పట్టుకోవడం అలవాటున్నవాళ్లు ఇంటి దగ్గర చేసుకోగలిగిన పనే.

నాలుగు బోల్టులు విప్పితే హ్యాండిల్ చేతికొచ్చేస్తుంది. చిక్కంతా దాన్ని పట్టుకుని ఉన్నవాటితోనే: క్లచ్ వైరు, ఎక్సలేటర్ వైరు, ముందు బ్రేకు హోస్, రెండు వైపుల స్విచ్చుల వైరింగ్. ఎంత ఎత్తు పెంచొచ్చో తేల్చేవి ఇవే. చాలామంది ఫొటో చూసి హ్యాండిల్ కొనేస్తారు, ఆ తర్వాత వైర్లను సాగదీసి ఎలాగోలా సరిపెడతారు. ఆ సాగదీత ప్రమాదం ఇంటి ముందు కనపడదు, ఘాట్‌లో యూటర్న్ తీసుకునేటప్పుడు బయటపడుతుంది.

ఉదాహరణకు రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411నే అనుకుందాం. మీటియర్, ఇంటర్‌సెప్టర్ లాంటివాటికీ పద్ధతి దాదాపు ఇదే. హిమాలయన్ 450కి మాత్రం ఎక్సలేటర్ వైరు ఉండదు. గ్రిప్పు తిప్పిన సంగతి కరెంటు తీగల ద్వారానే ఇంజిన్‌కు చేరుతుంది. దాని స్విచ్చుల వైరింగ్‌తో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కొనకముందే చేయాల్సిన పరీక్ష

ముందుగా, అసలు ఎత్తు పెంచాలా అని చూసుకోండి. క్లాంపులు (హ్యాండిల్‌ను బండికి పట్టి ఉంచే బిగింపులు) కాస్త వదులు చేసి ఉన్న హ్యాండిల్‌నే కొద్దిగా మీ వైపుకు తిప్పి, లివర్ల వాలు సరిచేస్తే కొందరికి మణికట్టు నొప్పి పోతుంది. పైసా ఖర్చు లేదు.

అది చాలకపోతే బండిని సెంటర్ స్టాండ్ మీద వేసి, ట్యాంకు మీద మందపాటి దుప్పటి పరిచి, క్లాంపులు విప్పండి. లివర్లు, స్విచ్చులు, వైర్లు ఏవీ ఊడదీయకుండా హ్యాండిల్‌ను ఉన్నదున్నట్టుగా మీరు అనుకున్న ఎత్తుకు పైకి పట్టుకోండి. సాయానికి ఇంకొకరుండాలి. వాళ్లు ముందు చక్రాన్ని పూర్తిగా ఎడమకు, పూర్తిగా కుడికి తిప్పుతుంటే మీరు హ్యాండిల్‌నూ దాంతోపాటే తిప్పుతూ వైర్లనూ హోస్‌నూ చూడాలి. ఎక్కడైనా బిగుసుకుంటే ఆ ఎత్తు మీ బండికి పనికిరాదు, లేదా పొడుగు వైర్లు కొనాలి. కొత్త హ్యాండిల్ వెనక్కి వంగి ఉండే రకమైతే పట్టుకునేటప్పుడు ఆ వంపు కూడా లెక్కలోకి తీసుకోవాలి. పావుగంట పని ఇది. దీన్ని దాటేసి ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టడం మాత్రం నాకు నచ్చదు.

మామూలుగా 25 మిల్లీమీటర్లు, అంటే ఒక అంగుళం వరకు, వైర్ల దారి కాస్త మార్చి సర్దుకోవచ్చు. రెండు అంగుళాలంటే సాధారణంగా బ్రేకు హోస్ దగ్గర ఇబ్బంది వస్తుంది. అంతకుమించి అంటే హోస్, వైర్లు అన్నీ మార్చాలని ముందే అనుకోండి.

హ్యాండిల్ పైపు మందం కూడా చూడాలి. మన బళ్లలో ఎక్కువవాటికి గ్రిప్పుల దగ్గర 22 మి.మీ. ఉంటుంది. లావు హ్యాండిల్స్‌కు మధ్యలో క్లాంపు పట్టే చోట 28.6 ఉంటుంది, హార్లీ రకాలకు 25.4. సరిపడని పైపును రేకు ముక్క చుట్టి క్లాంపులో ఇరికించడం, పాత హ్యాండిల్‌కు ముక్క వెల్డింగ్ చేయించి ఎత్తు పెంచడం... విజయవాడ ఆటోనగర్‌లో అడిగితే ఏదైనా చేసిపెట్టేవాళ్లుంటారు. మీరు మాత్రం అడగకండి. అతుకు దగ్గర విరిగితే అది విరిగేది మీరు బండి మీద ఉన్నప్పుడే.

రైజర్లతో (హ్యాండిల్ కింద పెట్టి ఎత్తు పెంచే లోహపు దిమ్మలు) ఎత్తు పెంచేవాళ్లు బోల్టు పొడుగు చూసుకోవాలి. అల్యూమినియం మరల్లో బోల్టు దాని మందానికి కనీసం ఒకటిన్నర రెట్లు దిగాలి. 8 ఎంఎం బోల్టయితే 12 ఎంఎం లోపలికి వెళ్లాలన్నమాట. బోల్టు తల మీద 8.8 అని ఉందో లేదో చూడండి. తళతళలాడే స్టీలు బోల్టు అందంగా ఉంటుంది, గట్టిదని మాత్రం కాదు. రైజర్ మీద రైజర్ ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు.

మోటారు వాహనాల చట్టం సంగతి కూడా ఓ మాట. 2019 సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేస్తే ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. పోలీసుల చూపు ఎక్కువగా సైలెన్సర్ల మీదే ఉంటుంది గానీ, ప్రమాదం జరిగినప్పుడు ఇన్సూరెన్సు వాళ్లు అన్నీ చూస్తారు. మీ మోడల్‌కు కంపెనీయే అమ్మే యాక్సెసరీ దొరికితే దానికే వెళ్లండి, బిల్లు దాచుకోండి. చెవుల ఎత్తుకు చేతులు లేచే ఏప్ హ్యాంగర్ల జోలికి ఈ ప్రయాణానికైతే పోవద్దు.

విప్పేటప్పుడు

బండి చల్లారాక మొదలుపెట్టండి. బ్యాటరీ నెగటివ్ ముందు తీసేయాలి, తర్వాతే స్విచ్చుల కప్లర్లు (వైర్లను కలిపే సాకెట్లు). విప్పకముందు అన్ని వైపుల నుంచీ ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. ఏ వైరు ఫోర్కుకు లోపలి నుంచి వెళ్తుందో, ఏది బయటి నుంచో సాయంత్రానికి గుర్తుండదు.

బ్రేకు మాస్టర్ సిలిండర్‌ను (బ్రేకు లివర్, ఆయిల్ డబ్బా ఉండే భాగం) హ్యాండిల్ నుంచి విడదీశాక తలకిందులుగా వేలాడనివ్వకండి. తాడుతో కట్టి, మూత పైకి ఉండేలా నిలబెట్టండి. పక్కకు ఒరిగితే గాలి లోపలికి పోతుంది, ఆ తర్వాత లివర్ మెత్తబడుతుంది. బ్రేక్ ఆయిల్ చుక్క పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. గుడ్డతో తుడిస్తే చాలదు, మర్నాటికి పెయింట్ పొంగుతుంది.

హోస్ మార్చాల్సి వస్తే నా అభిప్రాయం సూటిగా చెబుతా: ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) ఉన్న బండికి ఇంటి దగ్గర చేయొద్దు. ఏబీఎస్ ఉంటే హ్యాండిల్ నుంచి హోస్ నేరుగా చక్రానికి పోదు, ముందు ఏబీఎస్ యూనిట్‌కు వెళ్తుంది. ఆయిల్ డబ్బా ఖాళీ అయి యూనిట్‌లోకి గాలి చేరితే, బయటికి తీయడానికి వర్క్‌షాపులో కంప్యూటర్ తగిలించాల్సి రావచ్చు. పాత, ఏబీఎస్ లేని బండయితే, అలవాటున్న చేయి అయితే చేసుకోవచ్చు. అప్పుడు హోస్ పొడుగును ముందు చక్రం గాలిలో ఉండగా, ఫోర్కు పూర్తిగా సాగి ఉన్నప్పుడు పురికొసతో కొలవాలి. హోస్ చివరను బిగించే బాంజో బోల్టు దగ్గర రెండు వైపులా రాగి వాషర్లు కొత్తవే వేయాలి, పాతవి మళ్లీ వాడితే కారుతుంది. మూత మీద డాట్ 4 అని ఉంటే డాట్ 4 ఆయిలే, అదీ అప్పుడే సీలు తీసిన డబ్బాలోంచి. అది గాలిలోని తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155 దాకా పడిపోవచ్చు. పొడుగాటి ఘాట్ దిగుతూ బ్రేకు మీదే ఉండేవాళ్లకు ఆ తేడా ప్రాణంతో సమానం.

బిగించేటప్పుడు

కంపెనీ స్విచ్చుల లోపల చిన్న పిన్ను ఉంటుంది, అది హ్యాండిల్‌కున్న రంధ్రంలో కూర్చుంటుంది. కొత్త హ్యాండిల్‌కు రంధ్రాలు లేకపోతే కొందరు ఆ పిన్ను అరగదీసేస్తారు. ఎక్సలేటర్ వైపు ఇది మరీ తప్పు, స్విచ్చు గూడు మొత్తం తిరిగిపోతుంది. ఇష్టమొచ్చినట్టు డ్రిల్ చేస్తే పైపు బలం పోతుంది. రంధ్రాలు సరైన చోట ఉన్న హ్యాండిల్ కొనడమే మేలు.

హ్యాండిల్ మీద గుర్తు చుక్క ఉంటే దాన్ని క్లాంపు అతుకుతో కలపండి. క్లాంపు బోల్టులు బిగించే వరుస బండిని బట్టి మారుతుంది: కొన్నింటికి ముందు వైపువి పూర్తిగా బిగించాక వెనక సందు మిగలాలి, కొన్నింటికి రెండు వైపులా సందు సమానంగా ఉండాలి. సర్వీస్ మాన్యువల్ చూడకుండా దీన్ని ఊహించకండి. 8 ఎంఎం క్లాంపు బోల్టులకు చాలా బళ్లలో 20 నుంచి 25 న్యూటన్ మీటర్ల దగ్గర చెబుతారు. మీ బండి అంకె మాన్యువల్‌లో చూసుకుని టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపే పానా) బిగించండి. రెంచ్ లేకపోతే ఆ ఒక్క పనికి మెకానిక్ దగ్గరికి వెళ్లినా నామోషీ కాదు. బలంకొద్దీ పానా తిప్పితే అల్యూమినియం మరలు ఊడొస్తాయి.

గ్రిప్పులు ఎక్కడం లేదని సబ్బునీళ్లో, ఆయిలో రాయకండి. గ్రిప్పుల జిగురు దొరుకుతుంది, అదే వాడండి. జిప్ ట్యాగ్‌లు వేసేటప్పుడు వైరింగ్‌ను క్లచ్ వైరుతో కలిపి కట్టొద్దు, క్లచ్ వైరు కదులుతుంటే వైరింగ్ ఒరుసుకుపోతుంది.

కదిలే ముందు

బండి స్టార్ట్ చేయకుండానే హ్యాండిల్‌ను ఎడమ చివరిదాకా, కుడి చివరిదాకా తిప్పండి. ఫోర్కు స్టాపరే ఆపాలి, ట్యాంకో వైరో ఆపకూడదు. గ్రిప్పుకూ ట్యాంకుకూ మధ్య మీ బొటనవేలు నలగనంత ఖాళీ ఉండాలి. విండ్‌స్క్రీన్‌కు స్విచ్చులు తగలకూడదు.

ఇప్పుడు న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, ఐడిల్‌లో ఉంచి, మళ్లీ రెండు చివరలకూ నెమ్మదిగా తిప్పండి. ఇంజిన్ చప్పుడు కాస్త పెరిగినా సరే, ఎక్సలేటర్ వైరు లాగుతోందన్నమాట. ఆ బండి గేటు దాటకూడదు. ఇరుకు మలుపులో హ్యాండిల్ తిప్పగానే బండి దానంతటదే ముందుకు దూకుతుంది. మూడు చోట్లా, ఎడమ, మధ్య, కుడి, గ్రిప్పు తిప్పి వదిలితే టక్కున వెనక్కి రావాలి. క్లచ్ ఆట, అంటే లివర్ పట్టేముందు ఉండే కాస్త వదులు, మూడు చోట్లా ఒకేలా ఉండాలి. ముందు బ్రేకు నొక్కితే వెనక ఎర్ర లైటు వెలగాలి, దీన్ని చాలామంది మర్చిపోతారు.

మొదటి సవారీ కాలనీలోనే, హెల్మెట్‌తో, బ్రేకులు గట్టిగా పట్టి చూస్తూ. ఆ తర్వాత లగేజీ మొత్తం కట్టుకుని పెద్ద రోడ్డు మీదికి. హైదరాబాద్ వాళ్లకు ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద టూవీలర్లను రానివ్వరు కాబట్టి శ్రీశైలం రోడ్డు మంచిది, అటు విశాఖ వాళ్లకు అరకు ఘాట్ ఉంది. ఎత్తు హ్యాండిల్‌తో మనిషి వెనక్కి వాలతాడు, ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది. వెనక నిండు పెట్టెలు కూడా ఉంటే వేగం పెరిగేకొద్దీ బండి ఊగడం మొదలుపెట్టొచ్చు. ఊగితే బ్రేకు మీద పడకండి. కాస్త ముందుకు వంగి, గ్రిప్పు పట్టు సడలించి, ఎక్సలేటర్ మెల్లగా తగ్గించండి. తర్వాత బరువైన సామాను ముందుకు, కిందికి మార్చి మళ్లీ చూడండి. అప్పటికీ తగ్గకపోతే పాత హ్యాండిల్ వేసుకోవడమే, అందుకే దాన్నీ పాత బోల్టులనూ పారేయొద్దు.

వంద కిలోమీటర్లు తిరిగాక క్లాంపు బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో చూడండి. ఇదంతా బయల్దేరే వారం ముందు పెట్టుకుంటే కుదరదు. నెల ముందే ముగించండి, పొడుగు హోస్ ఆర్డర్ పెట్టాల్సి వచ్చినా టెన్షన్ ఉండదు.

బండిని రైల్లో ఢిల్లీకో, చండీగఢ్‌కో పార్శిల్ చేసేవాళ్లకు ఇంకో మాట. పెట్రోలు ఖాళీ చేయించడం ఎలాగూ తప్పదు, అద్దాలు కూడా విప్పేసి బ్యాగులో పెట్టుకోండి. ఎత్తు హ్యాండిల్ పార్శిల్ వ్యాన్ తలుపుకు తగిలే అవకాశం ఎక్కువ కాబట్టి గ్రిప్పులకూ లివర్లకూ మందంగా ప్యాకింగ్ చుట్టించండి. దించుకున్నాక హ్యాండిల్ చక్రంతో నేరుగా ఉందో లేదో, బ్రేక్ ఆయిల్ ఎక్కడైనా కారిందో లేదో స్టేషన్ దగ్గరే చూసుకుని, ఆ తర్వాతే పెట్రోలు బంకుకు నెట్టుకెళ్లండి.