పాత మజిల్ కారులో కొత్త ఇంజిన్: పని మొదలుపెట్టే ముందు

1969 షెవర్లే కమారో లాంటి మజిల్ కారులో (పెద్ద ఇంజిన్ ఉన్న పాత అమెరికన్ కారు) ఎల్ఎస్ ఇంజిన్ (జనరల్ మోటార్స్ వాళ్ల కొత్త తరం వి8) పెట్టాలనుకుంటే, ముందే ఇంజిన్ కొనేయకండి. బండిని గట్టి స్టాండ్ల మీద నిలిపి, అడుగున తుప్పు వెతకండి. సుత్తితో తడితే పొడి రాలుతోందా? అయితే మొదట ఆ రిపేరే.

• వెల్డింగ్‌కు ముందు బ్యాటరీ, పెట్రోల్ ట్యాంకు విప్పి దూరంగా పెట్టండి.

• నాకు ఎక్కువ భయం పెట్రోల్ లైన్ల గురించే. పెట్రోల్‌ను గాలితో కలిపే పాత కార్బ్యురేటర్‌కు 5-7 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడి చాలు, పెట్రోల్‌ను ఒత్తిడితో చిమ్మే ఎల్ఎస్ ఇంజెక్షన్‌కు దాదాపు 58 పీఎస్ఐ కావాలి. పాత రబ్బరు గొట్టం పగిలితే వేడి ఇంజిన్ మీద పెట్రోల్ చిమ్ముతుంది, మంటలే. పంపు, గొట్టాలు, క్లాంపులు అన్నీ ఇంజెక్షన్‌కు సరిపోయేవే వేయండి.

• ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) క్రాస్‌మెంబర్‌కు (దాని కింద ఫ్రేమ్‌లో అడ్డంగా ఉండే దూలం) తగులుతుందేమో కొలవండి.

• ముందు చక్రాలకు డ్రమ్ బ్రేకులే ఉంటే డిస్కులు వేయండి. అవి పూర్తయ్యేదాకా బండిని రోడ్డెక్కించొద్దు.