యుద్ధ విమానం మోడల్‌ను ఎలా తయారు చేయాలి? మిగ్-21 కిట్‌తో మొదటి ముక్క నుంచి చివరి పూత దాకా

ప్లాస్టిక్ మోడల్ కట్టేవారిలో చాలామంది మొదట్లో ఒకే భ్రమలో ఉంటారు. అతుకు కాస్త వంకరగా ఉన్నా, గీత పడినా, రంగు వేస్తే కనబడదులే అనుకుంటారు. జరిగేది సరిగ్గా దానికి విరుద్ధం. రంగు పడని ప్లాస్టిక్ మీద కంటికి ఆనని గీత కూడా రంగు వేశాక ఎత్తి చూపినట్టు కనిపిస్తుంది. ఆ రంగు వెండి రంగైతే ఇక చెప్పనక్కరలేదు. అందుకే ఈ వ్యాసానికి మిగ్-21ను ఎంచుకున్నాను. రంగు వేయకుండా లోహపు మెరుపుతోనే ఎగిరిన జెట్ విమానాల్లో అది ఒకటి. దాని అతుకులను మచ్చ లేకుండా చేయగలిగితే ఏ విమానాన్నైనా చేయగలరు.

ఏ స్కేలు, ఏ రకం?

యుద్ధ విమానాల కిట్లు ఎక్కువగా 1/72, 1/48, 1/32 స్కేళ్లలో దొరుకుతాయి. 1/72 అంటే ఆరడుగుల మనిషి సరిగ్గా ఒక అంగుళం ఎత్తు ఉంటాడని అర్థం. 1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ పేరుతో వచ్చిన ‘పెంగ్విన్’ కిట్లు ఈ స్కేలులోనే ఉండేవి. ఎగరని విమానాలకు ఎగరలేని పక్షి పేరు పెట్టారన్నమాట. మిగ్-21 రెక్కల వెడల్పు 7.15 మీటర్లు. అది 1/72లో సుమారు 10 సెంటీమీటర్లు, 1/48లో 15, 1/32లో 22 అవుతుంది. వివరాలు చేర్చాలన్న కోరిక ఉంటే 1/48 తీసుకోండి. కాక్‌పిట్‌లో పని చేయడానికి చోటుంటుంది, బల్ల మీద మరీ స్థలం ఆక్రమించదు.

కిట్ తెరిచే ముందే అసలు విమానం ఫొటోలు సేకరించాలి. మిగ్-21 అంటే ఒకే విమానం కాదు. తొలినాటి ఎఫ్-13 రకంలో కాక్‌పిట్ పైకప్పు ముందువైపు తెరుచుకుంటుంది. పీఎఫ్‌ఎమ్ నుంచి వచ్చిన రకాల్లో ముందు గాజు కదలకుండా ఉండి, వెనుక భాగం మాత్రం కుడివైపుకు తెరుచుకుంటుంది. వెన్ను మందం కూడా రకాన్ని బట్టి మారుతుంది. కిట్‌తో వచ్చే కాగితంలోని బొమ్మ ఏ ముక్క ఎక్కడ అతకాలో చెబుతుంది తప్ప విమానం ఎలా ఉంటుందో చెప్పదు. నిలిపి ఉంచిన విమానం ఫొటో ఒకటి, దగ్గర నుంచి తీసిన చక్రాల గూళ్ల ఫొటో ఒకటి పని పూర్తయ్యే దాకా ఎదురుగా ఉంచుకోండి.

పనిముట్లు

పదునైన సైడ్ కట్టర్, సన్నని బ్లేడున్న కత్తి, పట్టకారు, 400 నుంచి 2000 దాకా నంబర్లున్న ఉప్పు కాగితాలు, మాస్కింగ్ టేపు, లప్పం చాలు. జిగురు మాత్రం మూడు రకాలు కావాలి. ప్లాస్టిక్‌కు పలుచని సిమెంట్, లోహపు ముక్కలకు సూపర్ గ్లూ, గాజులాంటి పారదర్శక ముక్కలకు తెల్ల జిగురు. సూపర్ గ్లూను పారదర్శక ముక్కల దగ్గరికి రానివ్వకండి. దాని ఆవిరికే అవి మంచు పట్టినట్టు తెల్లబడతాయి.

ముక్కలు కోయడం, అతకడం

ముందుగా ముక్కలున్న చట్రాలన్నిటినీ గోరువెచ్చని సబ్బు నీళ్లలో కడిగి ఆరబెట్టండి. అచ్చు నుంచి సులువుగా ఊడి రావడానికి పూసిన జిడ్డు వాటికి అంటుకుని ఉండవచ్చు. జిడ్డు మీద రంగు నిలవదు.

చట్రం నుంచి ముక్కను ఒకే కోతతో విడదీయకూడదు. మొదటి కోత ముక్కకు కాస్త దూరంగా వేసి, మిగిలిన మొలకను రెండోసారి కత్తితో చెక్కి, 400 కాగితంతో, ఆ తర్వాత 600తో నునుపు చేయాలి. అంచుకు ఆనించి కోస్తే ప్లాస్టిక్ చిరిగి, గుంట పడుతుంది. ఆ గుంటను పూడ్చడానికి పట్టే సమయంలో పది ముక్కలు శుభ్రం చేయవచ్చు.

జిగురు తీసే ముందు ప్రతి జతనూ ఉత్త చేతులతో కలిపి చూడండి. ఇది తప్పనిసరి. రెక్క మొండెంలో సరిగ్గా కూర్చుంటుందా, చక్రాల గూడు ఎక్కడైనా తగులుతుందా, ఏ మూల గీకాలి అన్నది అప్పుడే తెలుస్తుంది. నేను ఒక్కో జతను కనీసం రెండుసార్లు కలిపి చూస్తాను. మొండెం విషయంలో ఎన్నిసార్లయినా వెనకాడను.

ప్లాస్టిక్ సిమెంట్ నిజానికి అంటించదు, కరిగిస్తుంది. రెండు అంచులనూ కరిగించి ఒకటిగా కలిపేస్తుంది. అందుకే అంచుల్ని జత చేసి పట్టుకుని, సందు మీద బ్రష్షును తాకిస్తే సిమెంట్ దానంతటదే లోపలికి పాకుతుంది. కొన్ని సెకన్లు ఆగి మెల్లగా నొక్కితే కరిగిన ప్లాస్టిక్ సన్నని గట్టులా పైకి ఉబుకుతుంది. దాన్ని తుడవకండి. ఒక రోజు పూర్తిగా ఆరనిచ్చి గీకేస్తే, ఆ గట్టే సందును పూడ్చేస్తుంది. ఉబికింది అదే ప్లాస్టిక్ కాబట్టి ఏ లప్పమూ దానికి సాటి రాదు.

కాక్‌పిట్

మిగ్-21 కాక్‌పిట్ లోపలి రంగు చూసిన ఎవరికైనా గుర్తుండిపోతుంది. నీలం, పచ్చ కలిసిన ఆ రంగు అప్పటి సోవియట్ విమానాల్లో మామూలే. ముందు ఆ రంగు వేసి ఆరనివ్వాలి. బాగా పలుచన చేసిన ముదురు గోధుమరంగు ఆయిల్ రంగును మూలల్లోకి పారించాలి. తర్వాత బ్రష్షుకు కొద్దిగా లేత రంగు అంటించి, కాగితం మీద దాదాపు అంతా తుడిచేసి, ఉబ్బెత్తు అంచుల మీద తేలిగ్గా ఆడించాలి. మీటలూ గడియారాలూ ఒక్కసారిగా లేచి కనిపిస్తాయి. ప్రతి డయల్ మీదా చుక్కంత మెరిసే వార్నిష్ పెడితే అద్దం బిగించినట్టు ఉంటుంది.

సీటుకు బెల్టులు కిట్‌లో లేకపోతే మాస్కింగ్ టేపును మిల్లీమీటరు, ఒకటిన్నర మిల్లీమీటర్ల వెడల్పు పట్టీలుగా కోసి, రంగు వేసి అతికించండి. వాటిని తిన్నగా సాగదీయకండి. అసలు బెల్టులు బరువుకు వాలి, మడతలు పడి ఉంటాయి. ఆ కాస్త వాలు వల్లే సీటు ప్లాస్టిక్ ముక్కలా కాక ఇప్పుడే పైలట్ లేచి వెళ్లినట్టు ఉంటుంది. ఇంత శ్రమ పడ్డాక పైకప్పును తెరిచి ఉంచేలా అతకండి, మూస్తే సగం కూడా కనబడదు.

బరువు మరవకండి

మూడు చక్రాల జెట్ మోడళ్లలో చాలావరకు ముక్కులో బరువు లేకపోతే తోక మీద కూలబడతాయి. నా మొదటి మోడల్‌లో ఆ సంగతి మరిచాను. రంగులన్నీ పూర్తయ్యాక ముక్కు కోసి తెరవాల్సి వచ్చింది. ఆ కోత ఆనవాలు ఎంత రుద్దినా పోలేదు.

మిగ్-21 ముక్కులోని శంకువు ఇందుకు మంచి చోటు. చేపల గాలానికి కట్టే గుండ్లు అందులో నింపి, ఇంకా అవసరమైతే కాక్‌పిట్ కింద కూడా పెట్టండి. మొండెం, రెక్కలు, తోక టేపుతో కలిపి, ప్రధాన చక్రాలు వచ్చే చోట రెండు వేళ్ల మీద నిలబెడితే ముక్కు కిందికి వాలాలి. వాలిందంటే సరిపోయింది, ఇంకొంచెం చేర్చి ఆపండి. గుండ్లు సీసంవైతే వాటిని తెల్ల జిగురుతో అతికించవద్దు. ఆ రెండూ కలిసి కాలక్రమేణా ఉబ్బి ప్లాస్టిక్‌ను చీల్చిన సందర్భాలున్నాయి. ఎపాక్సీ వాడండి.

అతుకులు: అసలు పని ఇక్కడే

మొండెం రెండు సగాలూ మూసే ముందు కాక్‌పిట్, శంకువు, ముందు చక్రం గూడు, వెనుక పొగ గొట్టం అన్నీ లోపల ఉన్నాయో లేదో లెక్క చూసుకోండి. మూశాక ఒక రోజు ఆరనివ్వాలి.

లెక్క ఒకటి గుర్తుంచుకోండి. 1/48 మోడల్ మీద 0.2 మిల్లీమీటర్ల సందు అసలు విమానం మీద దాదాపు ఒక సెంటీమీటరు చీలికతో సమానం. గోరుకు తగిలే ప్రతి సందునూ పూడ్చాల్సిందే. మామూలు రంగు వేసే మోడల్‌కైతే లప్పం సరిపోతుంది. లోహపు మెరుపు కావాలంటే నేను సూపర్ గ్లూనే పూడికగా వాడతాను. లప్పానికి సన్నని రంధ్రాలుంటాయి, వెండి రంగు కింద అది మచ్చలా తేలుతుంది. సూపర్ గ్లూను మాత్రం గట్టిపడిన గంటలోపే రుద్దేయాలి. ఆలస్యమైతే అది ప్లాస్టిక్ కన్నా గట్టిదై, పక్కనున్న ప్లాస్టిక్ అరిగిపోయి అది మాత్రం మిట్టలా మిగులుతుంది.

మొండెం గుండ్రంగా ఉంటుంది కనుక ఉప్పు కాగితాన్ని గట్టి పలక మీద చుట్టి రుద్దకండి, వెన్ను చదునైపోతుంది. స్పాంజి మీద అంటించి, వంపును అనుసరిస్తూ 600, 1000, 2000 వరుసలో నీళ్లతో తడిపి రుద్దాలి. రుద్దేటప్పుడు కొన్ని ప్యానెల్ గీతలు, అంటే విమానం రేకులు కలిసే చోట్లను చూపే గీతలు, చెరిగిపోతాయి. గట్టి టేపును అంచుగా అతికించి, సూదిమొనతో బరువు వేయకుండా ఐదారుసార్లు గీస్తే తిరిగి వస్తాయి. ఒకేసారి లోతుగా గీయబోతే సూది దారి తప్పుతుంది.

ఇప్పుడు అతుకుల మీద పలుచగా బూడిదరంగు ప్రైమర్ వేసి, దీపాన్ని పక్కనుంచి వాలుగా పట్టి చూడండి. తప్పులు బయటపడతాయి. మళ్లీ పూడ్చి, రుద్ది, ప్రైమర్ వేయాలి. నాకు మామూలుగా మూడు సార్లు పడుతుంది. విసుగు పుట్టే చోటు ఇదే, కానీ మోడల్ బాగోగులు తేలేది కూడా ఇక్కడే.

లోహపు మెరుపు

కాక్‌పిట్ గాజుకు రెండువైపులా మాస్కింగ్ వేసి, గాలి ఆడే చోట, ముక్కుకు మాస్కు కట్టుకుని రంగు పని మొదలుపెట్టండి. గాలి ఒత్తిడితో రంగు చల్లే ఎయిర్ బ్రష్‌కు 0.3 మిల్లీమీటర్ల సూది, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడి అనుకూలం. రంగును పాలలా పలుచన చేయాలి. ఎయిర్ బ్రష్ లేనివారు లోహపు రంగు కన్నా శత్రువు కంటపడకుండా వేసే రెండు, మూడు రంగుల మభ్యపు పట్టీలున్న విమానాన్ని ఎంచుకుని, మెత్తని వెడల్పాటి బ్రష్షుతో పలుచని పూతలు నాలుగైదు వేయడం మంచిది.

లోహపు రంగుకు అడుగున మెరిసే నలుపు వేయాలి. ఆ నలుపు అద్దంలా ఆరితేనే పైన వెండి లోహంలా మెరుస్తుంది. ఒక రోజు తర్వాత లోహపు రంగును తేలికపాటి పొరలుగా చల్లండి. అది పూర్తిగా ఆరాక కొన్ని ప్యానెళ్ల చుట్టూ టేపు వేసి, అదే రంగులో కాస్త ముదురు, కాస్త లేత ఛాయలు వేస్తే అసలు విమానం రేకుల తేడా వస్తుంది. టేపును ముందు అరచేతికి రెండుసార్లు అంటించి తీస్తే దాని పట్టు తగ్గి రంగు లేవదు. పొగ గొట్టం చుట్టూ మాత్రం బాగా ముదురు ఛాయ ఉండాలి. ముక్కు శంకువు, తోక కొన చాలా మిగ్-21లలో ఆకుపచ్చ. రాడార్, రేడియో తరంగాలు లోహంలోంచి పోలేవు కాబట్టి అక్కడ లోహం కాని పదార్థం వాడారు.

డెకాల్స్, మరకలు

డెకాల్స్ అంటే నీటిలో ముంచి అతికించే గుర్తులూ అంకెలూ ఉన్న పలుచని పొరలు. వాటిని ఎప్పుడూ నునుపైన మెరిసే తలం మీదే అతకాలి. గరుకు తలం మీద అతికిస్తే అడుగున గాలి చేరి, పారదర్శక భాగం తెల్లగా మెరుస్తుంది. గోరువెచ్చని నీటిలో అరనిమిషం లోపే ముంచి తీసి, కాగితం మీద కాసేపు వదిలితే దానంతటదే జారుతుంది. చోటు సరిచూసి, డెకాల్‌ను మెత్తబరిచే ద్రావకం రాస్తే ముడతలు పడుతుంది. భయపడి వేలు పెట్టవద్దు. ఆరేకొద్దీ అదే సాగి ప్యానెల్ గీతల్లోకి దిగిపోతుంది.

డెకాల్స్ మీద యాక్రిలిక్ మెరుపు పూత వేసి ఆరాక, ముదురు ఆయిల్ రంగును వైట్ స్పిరిట్‌లో కలిపి గీతల్లోకి పారించండి. అరగంట తర్వాత గుడ్డతో తుడవాలి. తుడిచేటప్పుడు గాలి వీచే దిశలో, అంటే ముక్కు నుంచి తోక వైపు లాగాలి. ఎగిరే విమానం మీద మరకలు వెనక్కి సాగుతాయి. నేల మీద నిలిచి ఉన్నప్పుడు కారిన నూనె మాత్రం కిందికి జారుతుంది. ఈ రెండూ కలగాపులగం చేస్తే చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో తేడాగా అనిపిస్తుంది. లోహపు విమానానికి మరకలు తక్కువ చాలు.

చివరగా అతికేవి

చక్రాలు, గూళ్ల తలుపులు, క్షిపణులు, యాంటెన్నాలు ఇప్పుడు అతకాలి. టైరు అడుగున కాస్త రుద్ది చదును చేస్తే విమానం బరువు నేల మీద ఆనినట్టు కనిపిస్తుంది. మూడు కాళ్లూ ఆరేలోపే ఎదురుగా, వెనుకగా కంటి ఎత్తులో పెట్టి చూడండి, ఒక రెక్క వాలి ఉంటే సరిచేయడానికి సమయం కొన్ని నిమిషాలే.

ముక్కు దగ్గర గాలి వేగాన్ని కొలిచే పొడవాటి పిటో గొట్టం కిట్‌లో లావుగా ఉంటుంది. దాన్ని కోసేసి, సన్నని ఇత్తడి గొట్టంలో సూది దూర్చి చేసుకోండి. రంధ్రం మాత్రం మొండెం మూసిన రోజే వేసి ఉంచాలి. గొట్టం అతకడం అన్నిటికన్నా చివరి పని, లేకపోతే చొక్కా చేతికి తగిలి వంగుతుంది.

ఇక గాజు మీది మాస్కింగ్. టేపును నిలువుగా ఎత్తకుండా వెనక్కి మడిచి, మెల్లగా లాగండి. అంచున రంగు కారి ఉంటే బ్లేడు కాదు, పుల్లను చెక్కి పదును చేసి దాంతో గీకాలి. గాజు కింద నీలిపచ్చ కాక్‌పిట్ వారాల తర్వాత మళ్లీ వెలుగు చూస్తుంది.