జిల్లేడాకు మీది నూగు ఫొటోలోకి ఎలా వచ్చిందంటే

రుషికొండ వైపు ఇసుకలో పెరిగే జిల్లేడంటే నాకు మహా ఇష్టం. ఆకు మీద పిండి పూసినట్టుండే ఆ తెల్లటి నూగు వేలికి తగులుతుంది గానీ, నా ఫొటోల్లో మాత్రం కనపడేది కాదు. ఆకు ఉత్త పచ్చరేకులా వచ్చేది.

రెండు వారాలు లెన్సునే అనుమానించాను. అసలు తప్పు వెలుతురుది. కెమెరా మీది ఫ్లాష్ ఎదురుగా పడితే నూగుకి నీడ ఉండదు. నీడ లేనిదే గరుకుదనం కంటికి తెలియదు. ఫ్లాష్ ఆపేసి, పొద్దున్నే సముద్రం మీంచి ఏటవాలుగా వచ్చే ఎండ ఆకుని పక్కనుంచి తాకేలా కూర్చున్నాను. నీడవైపు మరీ నల్లబడకుండా ఒక థర్మాకోల్ ముక్క నిలబెట్టాను. ఈనెలన్నీ లేచి నిలబడ్డాయి!

తర్వాత ఫోకస్. అంతా స్పష్టంగా రావాలని లెన్సు రంధ్రాన్ని బాగా చిన్నది చేసే ఎఫ్/22 పెట్టేవాణ్ని. అంత చిన్న రంధ్రంలోంచి వచ్చే కాంతి చెదిరి, బొమ్మ మొత్తం మెత్తబడిపోతుంది. రంధ్రం ఇంకాస్త పెద్దదయ్యే ఎఫ్/8కి వచ్చి, కెమెరాని ఆకుకి సమాంతరంగా పెట్టాను. వంపున్న ఆకైతే ఫోకస్ కొంచెం కొంచెంగా జరుపుతూ పది పన్నెండు ఫ్రేములు తీసి కంప్యూటర్లో కలుపుతున్నాను. దీనికి ట్రైపాడ్ తప్పదు, ఆకు కదలకూడదు. మన విశాఖలో ఎండెక్కితే సముద్రపు గాలి మొదలవుతుంది కాబట్టి ఏడున్నరలోపే ముగిస్తాను. కాడని ఒక పుల్లకి బట్టల క్లిప్పుతో బిగిస్తే ఇంకా నయం.

ఏసీ గదిలోంచి నేరుగా బయటికి తెస్తే లెన్సుకి ఆవిరి పడుతుంది. అందుకే కెమెరా సంచిని రాత్రే ఏసీ లేని గదిలో ఉంచుతున్నాను. అన్నట్టు, ఆకు తుంచకండి, జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం.