దోస్తులంతా కలిసి సద్దుల బతుకమ్మను పేర్చడం ఎలా?

వానలు వెనకపట్టి, చేలగట్ల మీద గునుగు తెల్లగా మెరిసే రోజుల్లో బతుకమ్మ వస్తుంది. భాద్రపద అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుంది. కొన్ని ఊళ్లలో ఏడో రోజే సద్దులు చేస్తారు. పెళ్లయి వెళ్లినవాళ్లు పుట్టింటికి వస్తారు కాబట్టి బడిలో ఒకే బల్ల మీద కూర్చున్న దోస్తులంతా మళ్లీ ఒకచోట చేరేది ఈ పండుగకే. అయితే సాయంత్రం ఆటకాడ కలిస్తే పాట, చప్పట్లు, జనం, మైకు... మాట్లాడుకునేదెక్కడ? కబుర్లు సాగేది పూలు పేర్చేకాడే. అందుకే ఎవరింట్లో వాళ్లు గబగబా పేర్చేసుకోకుండా నలుగురైదుగురు కలిసి ఒక పెద్ద బతుకమ్మను చేసుకోండి. ఇంటి ఆనవాయితీ ఉంటే ఎవరి తోడు బతుకమ్మ వాళ్లు పక్కన చిన్నగా పేర్చుకోవచ్చు.

ముందు పనులు పంచుకోండి

సద్దులకు రెండు రోజుల ముందే ఎవరు ఏం తేవాలో తేల్చుకోవాలి. గునుగు ఒకరు, తంగేడు ఒకరు, బంతి చామంతి ఒకరు, సత్తులు (వేయించిన పొడిలో బెల్లం కలిపి చేసే ప్రసాదం) ఇద్దరు. ఎవరి ఇల్లు అన్నదానికి నా లెక్క ఒకటే: నీడ ఉన్న పెద్ద వాకిలి ఎవరికుంటే వాళ్లిల్లు. అడుగున్నర వెడల్పు తాంబాలానికి గునుగు, తంగేడు చెరో పెద్ద సంచి నిండా కావాలి. మొదటిసారి పేర్చేవాళ్లు ఎప్పుడూ తక్కువే తెస్తారు, సగంలో పూలు అయిపోయి మళ్లీ పరుగులు పెడతారు.

గునుగు మక్క, పత్తి, జొన్న చేలల్లో కలుపుగా మొలుస్తుంది. రైతును అడిగితే కాదనరు, పైగా ఆయనకు కలుపు తీసిపెట్టినట్టే. కోయడానికి చిన్న కొడవలి పట్టుకెళ్లండి, చేతితో లాగితే వేళ్లు కోసుకుంటాయి. హైదరాబాద్‌లో ఉంటే గుడిమల్కాపూర్ పూల మార్కెట్ ఉంది. పండుగ ముందు కూడళ్లలో కూడా కట్టలు కట్టి అమ్ముతారు. తంగేడును మాత్రం ముందే తేవద్దు, మధ్యాహ్నానికే వడలిపోతుంది. సద్దుల రోజు పొద్దున్నే రెమ్మలతో సహా తెంపి, తడిగుడ్డ కప్పి నీడన పెట్టాలి.

గునుగుకు రంగు

ఇది ముందు రోజు పని. పది పదిహేను గునుగు పూలను తలలు సమంగా వచ్చేలా పట్టుకుని దారంతో బిగించి, కాడలను జానెడు ఉంచి కత్తిరించండి. వెడల్పాటి గిన్నెలో నీళ్లు పోసి రంగు కలిపి, కట్టను తలకిందులుగా ముంచి, దులిపి, చాప మీద ఆరబెట్టండి. గునుగు కాగితంలా పొడిగా ఉండే పువ్వు కాబట్టి రంగు ఇట్టే పట్టుకుంటుంది, ఆరినా ముడుచుకోదు. చివరికి చెరువులో కలిసేదే కనుక తినే రంగులే వాడండి. ఎన్ని రంగులు దొరికితే అన్నీ వేయాలనిపిస్తుంది కానీ రెండు చాలు. కట్టల్లో సగం తెల్లగానే వదిలేయండి. తెలుపు పక్కన ఉంటేనే ఎరుపు ఎరుపులా కనిపిస్తుంది.

పేర్చడం

సద్దుల రోజు పదకొండింటికల్లా కూర్చోవాలి. సాయంత్రం ఐదున్నరకు బయల్దేరాలంటే అదే సరైన సమయం.

తాంబాలం కానీ సిబ్బి కానీ తీసుకుని అడుగున గుమ్మడి ఆకులు పరవండి. అవి దొరక్కపోతే ఆముదం ఆకులు. అంచు వెంట మొదటి వరుస తెల్ల గునుగుతో వేయాలి: పూల తలలు బయటికి, కాడలు లోపలికి. ఒక చుట్టు పూర్తవగానే కాడల మీద అడ్డంగా ఒక దారం తిప్పితే జారవు. ఇప్పుడు మధ్యలో ఖాళీని నింపాలి. కోసిపడేసిన గునుగు కాడలు, తంగేడు ఆకులు ముక్కలుగా తరిగి వేసి అరచేత్తో గట్టిగా అదమండి. బతుకమ్మ నిలబడేది ఈ కూరు మీదే. చూసేవాళ్లకు కనిపించదని తేలిగ్గా వదిలేస్తే మూడో వరుసకే ఒక పక్కకు ఒరుగుతుంది. అలా ఒరిగితే పుల్లలు గుచ్చి నిలబెట్టాలని చూడకండి. పై రెండు వరుసలూ తీసేసి మళ్లీ నింపుకోవడమే నయం.

రెండో వరుస తంగేడు. రెమ్మలను చిన్న కట్టలుగా చేసి గునుగు మీద పెట్టండి. తర్వాత రంగు గునుగు, దాని మీద బంతి, మళ్లీ తెల్ల గునుగు, చామంతి. కట్లపూలు, సీతజడ పూలు, పట్టుకుచ్చులు దొరికితే పై వరుసల్లో వేయండి, అవి తేలిక. ప్రతి వరుసా కిందిదానికన్నా వేలెడు లోపలికి జరగాలి. ఎత్తు విషయంలో పంతం వద్దు. అడుగున్నర తాంబాలం మీద రెండడుగుల బతుకమ్మ హాయిగా నిలుస్తుంది. అంతకుమించితే మోసేవాళ్ల మెడకు కష్టం.

నలుగురు ఒకేసారి చేతులు పెడితే నాలుగు వైపులా నాలుగు తీర్లుగా వస్తుంది. అందుకని ఒక్కరే పేర్చాలి, ఒకరు తాంబాలం మెల్లగా తిప్పుతూ ఉండాలి, మిగతావాళ్లు కట్టలు కట్టి అందించాలి. రెండు వరుసలకోసారి చేతులు మారండి. పేర్చేవాళ్లకు వంకర కనిపించదు, ఎదురుగా కూర్చున్నవాళ్లకే కనిపిస్తుంది. "అక్కా, నీ దిక్కు కుంగింది" అంటే కోపం తెచ్చుకోకూడదు మరి.

కొసన గుమ్మడి పువ్వు. పసుపులో కొద్దిగా నీళ్లు కలిపి ముద్ద చేసి, శిఖరంలా మలిచి, కుంకుమ బొట్టు పెట్టి, తమలపాకులో పక్కనే నిలబెడితే గౌరమ్మ సిద్ధం.

మలీద, సత్తులు

మలీదకు పొయ్యి, పెనం చాలు. రెండు కప్పుల గోధుమపిండిని చిటికెడు ఉప్పుతో కాస్త మెత్తగా తడిపి ఇరవై నిమిషాలు నాననివ్వండి. రొట్టెలు మందంగా ఒత్తి, నూనె వేయకుండా సన్నని మంట మీద రెండు వైపులా కాల్చండి. పుల్కాలా పలచగా చేస్తే ఎండిపోయి పొడిపొడిగా రాలుతుంది. చేయి పట్టేంత వేడి ఉండగానే తుంచి, మిక్సీలో ఒక్క తిప్పు తిప్పి, ముప్పావు కప్పు బెల్లం తురుము, నాలుగు చెంచాల నెయ్యి, దంచిన యాలకులు వేసి పిసకండి. ఆ వేడికే బెల్లం కరిగి ముద్దకు వస్తుంది. చల్లారనిచ్చారంటే ఎంత నెయ్యి పోసినా ఉండ కట్టదు.

సత్తులు ఇంకా తేలిక. నువ్వులు చిటపటలాడేదాకా, పల్లీలు పొట్టు ఊడేదాకా విడివిడిగా వేయించి, పూర్తిగా చల్లార్చి, ఆగి ఆగి మిక్సీ పట్టాలి. ఒకే ఊపున తిప్పితే నూనె వదిలి ముద్దవుతుంది. తర్వాత కప్పు పొడికి ముప్పావు కప్పు బెల్లం. మక్క పిండి, బియ్యప్పిండి సత్తులకు కూడా పిండిని కమ్మని వాసన వచ్చేదాకా వేయించి బెల్లమో చక్కెరో కలిపి నేతితో తడపడమే. పులిహోర, పెరుగన్నం, కొబ్బరన్నం ఎలాగూ ఉంటాయి. పెరుగన్నంలో పాలు ఎక్కువ, పెరుగు తక్కువ వేస్తే సాయంత్రానికి పులవదు.

ఆట, నిమజ్జనం, వాయినం

ఎత్తుకునేటప్పుడు తల మీద చుట్టబట్ట పెట్టుకోండి. ఆటలో మీ దోస్తులు ఒకే వరుసలో నిలబడితే పాట అందుకోవడం సులువు. పాటలు రాని పట్నం పిల్లలను మధ్యలో నిలబెడితే "ఉయ్యాలో" అనడం రెండు చుట్లకే వచ్చేస్తుంది. చెరువు దగ్గర దారాలు, ప్లాస్టిక్ కవర్లు తీసేశాకే నీళ్లలో వదలాలి. గౌరమ్మ పసుపును పుస్తెలకు పూసుకున్నాక ఒకరికొకరు సత్తులు, మలీద వాయినంగా ఇచ్చుకుంటారు.

అమెరికాలో ఉన్నవాళ్లకు తంగేడు దొరకదు కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే అక్కడి దుకాణాల ముందు చామంతి కుండీలు బారులు తీరి ఉంటాయి. గునుగు జాతికే చెందిన సెలోషియా మొక్కలూ నర్సరీల్లో అమ్ముతారు. ఆ రెండింటితో పేర్చుకోవచ్చు. పార్కు చెరువుల్లో పూలు వేయనిస్తారో లేదో ముందే కనుక్కోండి. వద్దంటే ఎవరింటి పెరట్లోనైనా నీళ్ల తొట్టి పెట్టుకుని, మర్నాడు ఆ పూలను మొక్కల మొదట్లో వేసేయండి.

ఒక చిన్న జాగ్రత్త: సత్తులు, మలీద తెచ్చుకునే స్టీలు డబ్బాలు అందరివీ ఒకేలా ఉంటాయి. మూతకు కాదు, డబ్బాకే పేరు అంటించండి. మూతలు ఆ గుంపులో ఎలాగూ మారిపోతాయి.